మార్కుల వెనక ఉన్న బడి



కల్యంపూడి రాధాకృష్ణ రావు గారి స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాడికి ఇంతకు మించిన గౌరవం లేదు. రావు గారంటే 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన వ్యాసం గుర్తొస్తుంది. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర చేసిన పరిశోధన, నూటరెండేళ్ల వయసులో ఆయనను వరించిన అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి గుర్తొస్తాయి. ఈ సంగతులు మీకు తెలిసినవే. నేను ఆయన చదువుకున్న బళ్ల దగ్గర మొదలుపెడతాను.

ఆయన పుట్టింది బళ్లారి ప్రాంతంలోని హడగలిలో. తండ్రిది బదిలీల ఉద్యోగం కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం ఇలా ఊళ్లు మారుతూ చదివారు. ఏ.వి.ఎన్. కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఆనర్స్ మొదటి ర్యాంకుతో పూర్తిచేశారు. యుద్ధం రోజులవి. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, అది రాలేదు. అక్కడ పరిచయమైన ఒక యువకుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చెబితే 1941 జనవరి 1న అందులో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. స్టాటిస్టిక్స్. అక్కడా మొదటి ర్యాంకే.

ఈ కథలో ముందు మార్కులూ తర్వాతి మార్కులూ ఒకే దారిలో నడిచాయి. అయితే ఒక్క జీవితాన్ని చూసి సూత్రం కట్టకూడదని మాకు నేర్పిన శాస్త్రం ఆయనదే. అందుకే ఈరోజు వేలమంది పిల్లల గురించి మాట్లాడతాను. బడిలో, ఇంటర్‌లో వచ్చిన మార్కులు యూనివర్సిటీలో ఒక విద్యార్థి ఎలా చదువుతాడన్నది ఎంతవరకు చెబుతాయి? మన రెండు రాష్ట్రాల్లో ప్రతి వేసవిలో లక్షల ఇళ్లలో ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది. సమాధానం మాత్రం ఎవరికి తోచినట్టు వారు చెప్పుకుంటున్నారు.

ముందు ఒక అంకె చెబుతాను. 2012లో మిషెల్ రిచర్డ్‌సన్, చార్లెస్ ఏబ్రహం, రాడ్ బాండ్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకు ముందు పదమూడేళ్లలో ఇంగ్లీషులో అచ్చయిన అధ్యయనాలను ఒకచోట చేర్చారు. 241 డేటా సెట్లు అందులోకి వచ్చాయి. యూనివర్సిటీ గ్రేడ్లకూ హైస్కూలు గ్రేడ్లకూ మధ్య సహసంబంధ గుణకం సగటున 0.40 అని తేలింది. అమెరికాలో ఒక్కరోజు పెట్టే శాట్ పరీక్షకు అది 0.29. ఇంగ్లండ్ ఏ-లెవెల్ పాయింట్లకు 0.31. కుటుంబపు ఆర్థిక, సామాజిక స్థితికి 0.11 మాత్రమే.

0.40 అంటే ఎక్కువా, తక్కువా? మార్కులు గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయని అనుకుందాం. బడి మార్కుల్లో పై సగంలో ఉన్న వందమందిని తీసుకుంటే, యూనివర్సిటీలోనూ పై సగంలో ఉండేది 63 మంది. మిగిలిన 37 మంది కింది సగంలోకి జారుతారు. బడిలో కింది సగంలో ఉన్నవాళ్లలో అంతే మంది పైకి వస్తారు. ఈ లెక్కను నేను చాలాసార్లు నల్లబల్ల మీద వేసి చూపించాను. ప్రతిసారీ తరగతిలో ఒక భాగం 63ను పట్టుకుని మార్కులే అంతా అంటుంది, ఇంకో భాగం 37ను పట్టుకుని మార్కులు దండగంటుంది. రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి. ప్రవేశాలు నడిపేవారికి 63 పనికొస్తుంది. వరండాలో నిలబడ్డ పిల్లవాడితో మాట్లాడే అధ్యాపకుడు మాత్రం 37ను మరిచిపోకూడదు.

మూడు గంటల పరీక్ష కంటే ఏళ్ల తరబడి వచ్చిన బడి గ్రేడు ఎందుకు ఎక్కువ చెబుతుంది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సాల్ గైజర్, మరియా వెరోనికా శాంటెలిసెస్ దాదాపు 80,000 మంది విద్యార్థుల రికార్డులు తీసి 2007లో ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్లారు. మొదటి ఏడాది ఫలితాలతో ఆగకుండా నాలుగేళ్లూ వెంట నడిచారు. హైస్కూలు గ్రేడు సూచించే శక్తి మొదటి ఏడాది తర్వాత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. వాళ్ల లెక్కలో పెరిగింది. దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: బడి గ్రేడులో తెలివి ఒక పాలు ఉంటే, రోజూ బడికి వెళ్లడం, ఇచ్చిన పని ఇచ్చిన గడువుకు చేయడం, నచ్చని సబ్జెక్టును కూడా వదిలిపెట్టకపోవడం ఇంకో పాలు. నాలుగేళ్ల డిగ్రీకి కావలసింది ఈ రెండో పాలే.

అయితే ఈ వాదనకు ఎదురు వాదన ఉంది, దాన్ని దాచి మాట్లాడడం సరికాదు. అదే విశ్వవిద్యాలయం నియమించిన అధ్యాపకుల బృందం 2020 జనవరిలో తమ దగ్గరి కొత్త లెక్కల్లో హైస్కూలు గ్రేడు కంటే పరీక్ష స్కోరే మెరుగ్గా సూచిస్తోందని రాసింది. గ్రేడ్లు అందరికీ ఉదారంగా ఇవ్వడం పెరిగిన కొద్దీ వాటి మధ్య తేడా చెరిగిపోయిందని వారి బాధ. అయినా ఆ ఏడాది మే నెలలో పాలకమండలి శాట్‌ను తొలగించాలనే నిర్ణయించింది. 2022లో ఎం.ఐ.టి. తన ప్రవేశాల్లో శాట్‌ను వెనక్కి తెచ్చుకుంది. అంటే బడి మార్కు ఎంత చెబుతుందన్నది, ఆ మార్కు ఇచ్చే వ్యవస్థ ఎంత నిజాయితీగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ మాట మన దగ్గరికి వచ్చాక మళ్లీ అవసరమవుతుంది.

మా అధ్యాపకుల గదుల్లో తరచు వినబడే మాట ఒకటి ఉంది: ‘ఇంటర్ మార్కులకూ ఇక్కడి చదువుకూ సంబంధమే లేదండీ, 980 వచ్చినవాడికి నాలుగు బ్యాక్‌లాగ్‌లు, 900 వచ్చినవాడు ఆల్ క్లియర్.’ వాళ్లు చూసింది అబద్ధం కాదు. వాళ్లు ఎవరిని చూస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ఇక్కడ రావు గారు 1965లో రాసిన ఒక వ్యాసం నాకు వెలుగు చూపిస్తుంది. ఒక సమాచారం మన చేతికి ఏ దారిలో వచ్చిందో ఆ దారే దాని ఆకారాన్ని మార్చేస్తుందని ఆయన అందులో గణితంగా చూపించారు. ఈ ఆలోచనకు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చాలా సరళమైనది. మగపిల్లలున్న తరగతిలో ఒక్కొక్కరినీ, నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్లెందరు అని అడగాలి. మొత్తం కూడితే మగపిల్లలే బాగా ఎక్కువగా తేలతారు. ఆ ఊళ్లో ఆడపిల్లలు తక్కువ కావడం వల్ల కాదు. ఆడపిల్లలే ఉన్న ఇళ్ల నుంచి ఆ తరగతిలోకి ఎవరూ రాలేదు కాబట్టి. సమాధానం చెప్పినవాళ్లను తీసేసి లెక్కిస్తే రెండు వైపులూ దాదాపు సమానమవుతాయి. ఆయన ఈ ప్రశ్నను వేర్వేరు నగరాల తరగతుల్లో అడిగి లెక్కలు కట్టారు.

మన ఇంజనీరింగ్ తరగతి కూడా అలా ఒక తలుపు గుండా వచ్చినవాళ్ల గుంపే. ఇంటర్ రాసిన అందరిలో మార్కులకూ తర్వాతి చదువుకూ సహసంబంధం 0.5 అనుకుందాం. వాళ్లలో మార్కుల్లో పై పదిశాతం మందిని మాత్రమే లోపలికి తీసుకుంటే, లోపల ఆ సంబంధం 0.23కు పడిపోతుంది. మార్కుల్లో తప్పేమీ లేదు, తేడా ఉన్నవాళ్లంతా బయటే ఆగిపోయారంతే. దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. ఎంసెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం కలిపి ర్యాంకు ఇచ్చిన కాలంలో ఒకే ర్యాంకు దగ్గర చేరిన ఇద్దరిని చూడండి. ఇంటర్ తక్కువ ఉన్నవాడు ఎంసెట్‌లో ఎక్కువ తెచ్చుకుని ఉండాలి, లేకపోతే పక్క సీట్లో కూర్చునేవాడు కాదు. అలాంటి తరగతిలో ఇంటర్ మార్కు పనికిరానిదిగా కనబడడంలో ఆశ్చర్యం లేదు. లోపలున్నవాళ్లను చూసి తలుపును అంచనా వేయలేం.

2013 నుంచి 2016 దాకా ఎన్.ఐ.టి.ల ప్రవేశాల్లో జేఈఈ మెయిన్ స్కోరుకు 60, పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం చొప్పున కలిపి ర్యాంకు ఇచ్చేవారు. బోర్డుల మధ్య తేడాలను సరిచేయడానికి పర్సంటైల్ పద్ధతి వాడారు. 2017 నుంచి అది పోయింది. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీని కోవిడ్ రోజుల్లో పక్కన పెట్టి, 2023లో పూర్తిగా తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది 25 శాతం వెయిటేజీని తిరిగి తెచ్చారు. ఒకే సిలబస్ వారసత్వం ఉన్న రెండు రాష్ట్రాలు ఒకే ఏడాది రెండు దారుల్లో వెళ్లాయి. గణాంకశాస్త్రం చదివినవాడికి ఇది అరుదైన అవకాశం. రెండు చోట్లా తర్వాతి నాలుగేళ్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్నో ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

వెయిటేజీ తీసేయడం మీద నా అభిప్రాయం దాచుకోను. కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ మార్కు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, వారం వారం టెస్టు. మార్కుల మొత్తం పెరగడానికి సంస్కృతం సెకండ్ లాంగ్వేజిగా ఎంచుకోవడం. ఇలా వచ్చిన మార్కులో పిల్లవాడి క్రమశిక్షణ ఎంతో, హాస్టల్ వార్డెన్ క్రమశిక్షణ ఎంతో విడదీయడం కష్టం. యూనివర్సిటీకి వచ్చాక వాణ్ణి ఐదింటికి లేపేవారు ఉండరు. అక్కడ మార్కు తన శక్తిని కొంత కోల్పోతుంది. ఇది నిజమే. అయినా వెయిటేజీని పూర్తిగా కొట్టేస్తే పిల్లలకు మనం చెప్పే మాట ఏమిటి? రెండేళ్ల ల్యాబు, రెండేళ్ల భాషా పాఠం, వివరంగా రాసే జవాబు, ఇవేవీ లెక్కలోకి రావు, మూడు గంటల్లో 160 బిట్లు చాలు. పేజీన్నర జవాబు సొంతంగా రాయలేక మొదటి సెమిస్టర్‌లో ఇబ్బంది పడే పిల్లలను చూసిన నాకు ఆ మాట సమ్మతం కాదు.

మార్కులను వదిలేయడం కంటే, అవి ఏ బడి నుంచి వచ్చాయో చూసి చదవడం మేలని నేను అనుకుంటాను. దీనికి చాలా చోట్ల ఆధారాలు దొరికాయి. ఇంగ్లండ్‌లో ఉన్నత విద్యకు నిధులిచ్చే సంస్థ 2014లో ప్రచురించిన లెక్కల ప్రకారం, ఒకే ఏ-లెవెల్ గ్రేడ్లతో చేరినవాళ్లలో ప్రభుత్వ బడుల పిల్లలు ప్రైవేటు బడుల పిల్లల కంటే మంచి డిగ్రీలు తెచ్చుకున్నారు. బ్రెజిల్‌లో కాంపినాస్ విశ్వవిద్యాలయం 2005లో ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవాళ్లకు ప్రవేశ పరీక్షలో 30 పాయింట్లు కలపడం మొదలుపెట్టింది. వెనుకబడిన నేపథ్యాల నుంచి వచ్చిన విద్యార్థులు చేరినప్పటి స్థానం కంటే చదువు పూర్తయ్యేసరికి పైకి జరుగుతున్నారని రెనాటో పెద్రోజా బృందం గమనించింది. టెక్సస్ 1997లో ప్రతి హైస్కూలులో పై పదిశాతం మందికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం చేసింది. దానివల్ల లోపలికి రాగలిగిన పేద బడుల పిల్లలు లాభపడ్డారని, పక్కకు జరిగినవాళ్లు చెప్పుకోదగ్గ నష్టం పొందలేదని 2020లో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలతో చూపించారు.

ఇంత దూరం పోనక్కర్లేదు, మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. రావు గారు చిన్నప్పుడు చదివిన నూజివీడుకే వెళ్దాం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాల్లో రెండేసి వేలమంది చొప్పున పిల్లలను చేర్చుకున్నారు. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ఫలితమే ప్రాతిపదిక. ప్రతి మండలం నుంచీ పిల్లలు రావాలన్నది ఉద్దేశం. పదిలో గ్రేడ్లు వచ్చాక, ప్రభుత్వ బడుల్లో, హాస్టలు వసతి లేని చోట్ల చదివిన పిల్లల జీపీఏకు 0.4 కలిపారు. పదో తరగతి తర్వాత ఆరేళ్లు అక్కడే ఉంటారు, మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి, తర్వాత నాలుగేళ్లు బీటెక్.

ఆ 0.4 మీద చాలామంది నాతో వాదించారు. అది దయ అన్నారు, మెరిట్‌కు కోత అన్నారు. నేను దాన్ని కొలతలో దిద్దుబాటుగా చూస్తాను. సైన్సు టీచరు పోస్టు ఏడాదంతా ఖాళీగా ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఇంటి పనీ పొలం పనీ చేసుకుంటూ, ట్యూషన్ ముఖం చూడకుండా వచ్చిన 9.2, ఏసీ గదిలో, సబ్జెక్టుకొక స్పెషల్ టీచర్‌తో, వారానికి రెండు టెస్టులతో వచ్చిన 9.6. రెండో పిల్లవాడి మీద నాకు కోపం లేదు. రాబోయే ఆరేళ్లలో ఎవరు ఎంత ఎదుగుతారని అడిగితే మాత్రం ఈ రెండు అంకెలనూ యథాతథంగా పోల్చడం తప్పు కొలత. కొలవవలసింది చేరిన ఎత్తుతో పాటు ఎక్కడి నుంచి ఎక్కారన్నది కూడా. 0.4 సరైన అంకేనా, 0.3 ఉండాలా, 0.6 ఉండాలా అంటే అది అభిప్రాయాలతో తేలేది కాదు. ఆ ప్రాంగణాల నుంచి బయటికి వచ్చిన బ్యాచ్‌ల పదో తరగతి గ్రేడ్లనూ బీటెక్ గ్రేడ్లనూ బడి రకాన్ని బట్టి విడదీసి చూస్తే తేలుతుంది. జీపీఏ 10 దగ్గరే వందలమంది గుమిగూడినప్పుడు గణితం గ్రేడు, సైన్సు గ్రేడు, చివరికి పుట్టిన తేదీ దాకా వెళ్లి సీటు తేల్చవలసి వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి. పైన అంత గుంపు చేరితే మార్కు చెప్పగలిగేది తగ్గిపోతుంది. కాలిఫోర్నియా అధ్యాపకుల బాధ ఇదే.

బడి చూసి మార్కు చదవాలని నేను అన్న మాటను తిరగేస్తే ప్రమాదం ఉంది. అది 2020 ఆగస్టులో ఇంగ్లండ్‌లో కనబడింది. కోవిడ్ వల్ల పరీక్షలు జరగలేదు. టీచర్లు వేసిన అంచనా గ్రేడ్లను పరీక్షల నియంత్రణ సంస్థ ఒక అల్గారిథంతో సవరించింది. ఒక్కో బడికి అంతకు ముందు మూడేళ్లలో ఎలాంటి ఫలితాలు వచ్చాయో చూసి ఆ ఏడాది పిల్లలకు అదే అచ్చు పోసింది. దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్ల అంచనా కంటే తగ్గాయి. మరీ చిన్న తరగతుల్లో టీచరు గ్రేడే నిలిచింది కనుక, అలాంటి తరగతులు ఎక్కువగా ఉండే ప్రైవేటు బడులు లాభపడ్డాయి. పేద బడిలో చదివిన తెలివైన పిల్ల తన అక్కల, అన్నల మార్కులకు బందీ అయింది. పిల్లలు వీధుల్లోకి వచ్చారు, నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నూజివీడులో బడి పేదరికం పిల్లవాడి మార్కుకు అండగా నిలబడితే, ఇంగ్లండ్‌లో అదే పేదరికం పిల్ల మార్కును కోసింది.

మన దగ్గరా 2021లో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దయ్యాయి. తెలంగాణ మొదటి ఏడాది మార్కులనే రెండో ఏడాదికీ వేసింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాదికి 70 శాతం బరువిచ్చి లెక్కకట్టింది. ముందు మార్కుల నుంచి తర్వాతి మార్కులను ఊహించడమనే పనిని ప్రభుత్వమే లక్షలమంది మీద చేసింది. గుంపు మొత్తానికి ఆ ఊహ పెద్దగా తప్పి ఉండదు. కానీ మొదటి ఏడాది తడబడి, రెండో ఏడాది కసిగా చదివిన ప్రతి పిల్లకూ అది అన్యాయమే. ఆ 37 మంది సంగతి ఇందాక అనుకున్నాం. వాళ్లకు పరీక్ష రాసే అవకాశమే దారి. గతం మీద ఆధారపడే ఏ ప్రవేశ పద్ధతిలోనైనా వాళ్ల కోసం ఒక తలుపు తెరిచి ఉంచాలి. సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలను చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించలేను.

ఈ సభలో రిజిస్ట్రార్లు, పరీక్షల విభాగాల అధికారులు ఉన్నారు కనుక ఒక కోరిక కోరుతున్నాను. ప్రతి యూనివర్సిటీలో అడ్మిషన్ దరఖాస్తులో ఇంటర్ హాల్‌టికెట్ నంబరు, చదివిన మీడియం, కాలేజీ పేరు ఉంటాయి. పరీక్షల విభాగంలో ఎనిమిది సెమిస్టర్ల ఫలితాలు ఉంటాయి. ఈ రెండు రికార్డులూ ఒకే భవనంలో, ఒక్కోసారి ఒకే అంతస్తులో ఉండి కూడా ఎప్పుడూ కలవవు. పేర్లు తీసేసి వాటిని కలపండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీ నుంచి 850తో వచ్చినవాళ్లు నాలుగో ఏడాదికి ఎక్కడున్నారు, కార్పొరేట్ కాలేజీ నుంచి 970తో వచ్చినవాళ్లు ఎక్కడున్నారు, తెలుగు మీడియం పిల్లలు వెనకబడేది మొదటి రెండు సెమిస్టర్లలోనేనా, చివరిదాకానా అన్నవి ప్రతి ఏడాదీ అచ్చువేయండి. మన పిల్లల గురించి మాట్లాడడానికి కాలిఫోర్నియా, బ్రెజిల్ లెక్కలు తెచ్చుకోవలసి రావడం నాకు నొప్పిగా ఉంది. తలుపు లోపలివాళ్లతోనే తీర్పు ఇవ్వకూడదని ఇందాక అన్నాను కాబట్టి, దరఖాస్తు చేసి సీటు రానివాళ్ల వివరాలు కూడా భద్రపరచండి. ఉన్నత విద్యామండళ్లు పూనుకుంటే వాళ్లు ఇంకో చోట ఎలా చదివారో తెలుసుకోవచ్చు.

లెక్కలు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఉంది. బడి మార్కులను చేరిన పిల్లలకు ముద్రలు వేయడానికి వాడుతున్నాం. ఏ సెక్షన్, బీ సెక్షన్ అని ర్యాంకు వారీగా విడగొడుతున్నాం. అదే కాగితాన్ని ఇంకోలా వాడండి. గణితం మార్కు తక్కువగా ఉన్నవాళ్లు, పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్లు ఎవరో మొదటి వారంలోనే తెలుస్తుంది. మొదటి మిడ్ పరీక్ష లోపు వాళ్లకు సాయంత్రం ట్యుటోరియల్ పెట్టండి, డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే బాగా పాఠం చెప్పేవారిని దానికి పంపండి. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాక, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోలేక హాస్టల్ గదిలో ముడుచుకున్న పిల్లవాడి దగ్గరికి రెమిడియల్ క్లాసుల నోటీసు పంపితే ఆలస్యమైపోతుంది. ఈ ఏడాది తరగతులు మొదలవడానికి ఇంకా కొద్ది వారాల సమయం ఉంది. టైంటేబుళ్లు ఇప్పుడే వేస్తున్నారు.